1970ల హారర్ నవలల్లో మిమ్మల్ని నిజంగా భయపెట్టినవి ఏవి, ఎందుకు?

పాతపేజీలు:
ఆర్నెల్లుగా వేరే ఏదీ ముట్టుకోకుండా 1970లలో ఇంగ్లిష్‌లో వచ్చిన హారర్ నవలలే చదువుతున్నాను. ఒక్క 1971లోనే విలియం పీటర్ బ్లాటీ 'ది ఎక్సార్సిస్ట్', టామస్ ట్రయన్ 'ది అదర్', రిచర్డ్ మాథెసన్ 'హెల్ హౌస్' మూడూ వచ్చాయంటే ఆ దశాబ్దం ఏ ఊపులో మొదలైందో చూడండి. తర్వాత రాబర్ట్ మరాస్కో, స్టీఫెన్ కింగ్, ఆన్ రైస్, చివర్లో 1979లో పీటర్ స్ట్రాబ్ 'ఘోస్ట్ స్టోరీ'.

నాకు అనిపించింది చెప్తాను, ఒప్పుకోకపోతే గట్టిగానే చెప్పండి. అంతకుముందు కథల్లో చాలావరకు మనమే భయం దగ్గరికి వెళ్ళేవాళ్ళం. కొండ మీద కోటో, ఊరవతల పాడుబడ్డ బంగళానో ఉంటుంది, ఎవరో పనిగట్టుకుని అక్కడికి వెళ్తే తప్ప కథ కదలదు. 1967లో ఐరా లెవిన్ 'రోజ్‌మేరీస్ బేబీ'తో దాన్ని అపార్ట్‌మెంట్‌లోకి, పక్కింటివాళ్ళ పలకరింపుల్లోకి తెచ్చి పెట్టాడు. ఆ పైన పదేళ్ళపాటు భయం ఇంట్లోనే కాపురం పెట్టింది.

స్టీఫెన్ కింగ్ 'ది షైనింగ్' (1977)లో అందరూ దెయ్యం ఉండే 217వ గది గురించి చెప్తారు కానీ నన్ను పట్టేసింది కందిరీగల తుట్టె. శీతాకాలం మూసేసే కొండ హోటల్‌కి కాపలాగా భార్యాబిడ్డలతో వచ్చిన జాక్ దాని కప్పు బాగుచేస్తుంటే పలకల కింద తుట్టె కనిపిస్తుంది. మందు పెట్టి, అన్నీ చచ్చాయని రూఢి చేసుకుని, ఖాళీ తుట్టెను అయిదేళ్ళ కొడుకు డానీకి బహుమతిగా ఇస్తాడు. తన చిన్నప్పుడు వాళ్ళ నాన్న తనకు అలాగే ఇచ్చాడట, ఆ జ్ఞాపకంతో. పిల్లాడు దాన్ని మంచం పక్కన పెట్టుకుని మురిపెంగా పడుకుంటాడు. అర్ధరాత్రి కేక. చేతి మీద కందిరీగలు. జాక్ పరిగెత్తుకొచ్చి తుట్టె మీద గాజు గిన్నె బోర్లిస్తాడు, కాసేపటికి చూస్తే గిన్నె లోపలంతా అవే. దెయ్యం కనపడదు, రక్తం లేదు, ఒక నాన్న ప్రేమగా ఇచ్చిన వస్తువు, అంతే. ఆ నాన్న అంతకుముందే ఒకసారి తాగి కోపంలో ఆ పిల్లాడి చెయ్యి విరిచాడని మనకు తెలుసు కాబట్టి ఆ పేజీ దాటడం నాకు చాలా కష్టమైంది.

మీకు ఏ పుస్తకం, ఏ చోటు?

చివరిబెంచి:
మంచి టాపిక్ అక్కా. సగం ఒప్పుకుంటా. నా దృష్టిలో ఆ దశాబ్దాన్ని నడిపింది ఇల్లు కాదు, పిల్లలు. లెక్కపెట్టండి: 'ఎక్సార్సిస్ట్'లో దెయ్యం పట్టిన అమ్మాయి రీగన్, 'ది అదర్'లో పదమూడేళ్ళ కవలలు, క్యారీ, డానీ, ఆన్ రైస్ నవలలో క్లాడియా, ఫ్రాంక్ డి ఫెలిట్టా 'ఆడ్రీ రోజ్' (1975)లో ఒకే పాప నాది అంటే నాది అని ఇద్దరు తండ్రులు. ఎవరో చనిపోయిన పాప తమ కూతురిగా మళ్ళీ పుట్టిందని తెలిస్తే ఆ తల్లిదండ్రుల పరిస్థితి ఏమిటన్నది మొత్తం నవల, కోర్టు దాకా వెళ్తుంది.

ఇక 'ఎక్సార్సిస్ట్'. సినిమా (1973) చూసినవాళ్ళకి తల తిరగడం, వాంతి గుర్తుంటాయి. నవలలో మాత్రం చాలా పేజీలు డాక్టర్లవే. రీగన్ తల్లి మూర్తిపూజ లేదు దేవుడూ లేడు అనుకునే మనిషి, కూతుర్ని ఒక టెస్టు నుంచి ఇంకో టెస్టుకి తిప్పుతూ ఉంటుంది, నరాల డాక్టరు, సైకియాట్రిస్టు, హిప్నాటిస్టు, ప్రతివాళ్ళూ ఏదో ఒక పేరు చెప్తారు, ఏ పేరూ నిలబడదు. ఆఖరికి భూతవైద్యం చేయించి చూడమని సలహా ఇచ్చేది కూడా డాక్టర్లే, నమ్మకంతో కుదురుతుందేమోనని. జబ్బు ఏమిటో తెలియని బిడ్డను పట్టుకుని ఆస్పత్రి వరండాల్లో కూర్చున్న ఎవరికైనా ఆ టెన్షన్ తెలుస్తుంది. అక్కడ నాకు సైతాను గుర్తుకే రాలేదు.

చిట్టడవి:
ఇద్దరూ చెప్పింది బాగుంది కానీ ఆ ఇంటికి, ఆ పిల్లలకి మధ్యలో ఉన్నదాన్ని వదిలేశారు. డబ్బు.

రాబర్ట్ మరాస్కో 'బర్న్ట్ ఆఫరింగ్స్' (1973) చదివారా? న్యూయార్క్ అపార్ట్‌మెంట్‌లో ఉక్కపోతకి, చప్పుడుకి విసిగిపోయిన కుటుంబం. వేసవి మొత్తానికి 900 డాలర్లకే ఒక మహా భవనం అద్దెకి దొరుకుతుంది. ఒకే షరతు, మేడ మీద గదిలో ఇంటివాళ్ళ ముసలి తల్లి ఉంటుంది, ఆవిడ కనపడదు, మాట్లాడదు, రోజూ భోజనం ట్రేలో పెట్టి గది బయట ఉంచితే చాలు. అద్దె అంత తక్కువ ఎందుకని భర్త అడుగుతూనే ఉంటాడు. భార్య మేరియన్‌కి ఆ ఇంట్లో సామాన్లంటే ప్రాణం, తుడుస్తుంది, మెరుగు పెడుతుంది, కొన్నాళ్ళకి మొగుణ్ణీ కొడుకునీ కూడా సరిగ్గా చూడదు. వాడిపోయిన మొక్కలు చిగురిస్తాయి, ఇల్లు కొత్తదవుతుంది, మనుషులు తరిగిపోతుంటారు. కలలో కూడా కొనలేని ఇల్లు మీద ఆశ మనిషిని ఎలా తినేస్తుందో నేను ఇంకెక్కడా ఇంత దగ్గరగా చదవలేదు.

'షైనింగ్'లో జాక్‌కి ఆ హోటల్ కాపలా ఉద్యోగం ఆఖరి అవకాశం, అది పోతే వీధిన పడతారు, అందుకే మంచులో చిక్కుకోకముందే వెళ్ళిపోయే వీలున్నా వెళ్ళడు. జే ఆన్సన్ 'ది ఎమిటీవిల్ హారర్' (1977) నిజం కథ అని అమ్మారు, 28 రోజుల్లో ఇల్లు వదిలి పారిపోయిన కుటుంబం గురించి. అదంతా తామే వైన్ తాగుతూ కల్పించామని ఆ ఇంట్లో అంతకుముందు జరిగిన హత్యల కేసు వాదించిన లాయరే తర్వాత అన్నాడు. రచనగా నాకు అది నచ్చదు. అయినా దాని మీద వచ్చిన సినిమా (1979) జనాన్ని ఎందుకు అంత పట్టేసిందో స్టీఫెన్ కింగ్ 1981లో హారర్ మీద రాసిన 'డాన్స్ మకాబ్ర్'లో చెప్పాడు: అది అప్పుల భయం. స్తోమతకు మించి కొన్న ఇంట్లో ఒక్కొక్కటిగా అన్నీ పాడవుతుంటే చూస్తూ కూర్చోవడం.

నిశి:
చిట్టడవి గారూ, ఆ చివరి మాట చాలా నిజం. కింగ్ సొంత సంగతి కూడా అదేగా. మొదటి నవల 'క్యారీ' రాసేటప్పుడు ట్రైలర్ ఇంట్లో ఉండేవాళ్ళు, బడిలో పాఠాలు చెప్పేవాడు, మొదటి పేజీలు నచ్చక చెత్తబుట్టలో పడేస్తే భార్య టాబితా తీసి చదివి పూర్తి చెయ్యమంది. పుస్తకం తీసుకున్నామని ఎడిటర్ టెలిగ్రాం ఇవ్వాల్సి వచ్చింది, ఇంట్లో ఫోన్ తీసేశారు కాబట్టి. అడ్వాన్స్ 2,500 డాలర్లు. పేపర్‌బ్యాక్ హక్కులు 4 లక్షల డాలర్లకు పోయాయి, అందులో సగం ఆయనకి.

కానీ పాతపేజీలు గారి అసలు మాటకి ఒక అడ్డం చెప్తా. 'హెల్ హౌస్' పూర్తిగా పాత పద్ధతి. చెడ్డపేరున్న భవనం, ఒక ఫిజిసిస్టు, ఆయన భార్య, ఆత్మలతో మాట్లాడే ఇద్దరు, పనిగట్టుకుని వెళ్తారు. తారీఖు, టైముతో సహా శీర్షికలు పెట్టి మాథెసన్ దాన్ని పరుగెత్తిస్తాడు. అందులో కొత్త ఏమిటంటే ఆ ఇల్లు ఎవరికి ఏది బలహీనతో కనిపెట్టి అక్కడే పట్టుకుంటుంది. కాబట్టి దశాబ్దమంతా ఒకే దారిలో నడిచిందనలేం.

నా ఓటు మాత్రం ఆన్ రివర్స్ సిడన్స్ 'ది హౌస్ నెక్స్ట్ డోర్'కి (1978). ఎవరూ చెప్పడం లేదేంటా అని చూస్తున్నా. పక్క ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు కడతారు, అందంగా, కుర్ర ఆర్కిటెక్టు ప్రాణం పెట్టి. పాత హత్య లేదు, స్మశానం లేదు, శాపం లేదు, సిమెంటు వాసన కూడా పోలేదు. అందులోకి వచ్చిన ప్రతి కుటుంబమూ నాశనమవుతుంది. చెప్పేది పక్కింట్లో ఉన్న కాల్కిట్ అనే ఆవిడ, తన వరండాలోంచి చూస్తూ. మర్యాదస్తుల పేట, పార్టీలు, టెన్నిస్. ఆ ఇల్లు మంచిది కాదని పైకి చెప్తే జనం ఏమనుకుంటారో అన్న జంకుతోనే ఆవిడా భర్తా చాలాకాలం ఆగిపోతారు. ఆ జంకు నాకు దెయ్యం కంటే ఎక్కువ భయం వేసింది.

పాతపేజీలు:
నిశి గారూ, 'హెల్ హౌస్' విషయంలో మీరు రైట్. నేను అన్నీ ఒకే సంచిలో వేసేశాను. కానీ సిడన్స్ నవల నా మాటకి బలమే కదా, పక్కింటి వరండాలోంచి చూస్తే కనిపించే భయం.

చిట్టడవి గారు డబ్బు అన్నాక 'షైనింగ్' మళ్ళీ తిరగేశాను. బాయిలరు! రోజూ ప్రెషర్ దించాలి, మర్చిపోతే హోటల్ పేలిపోతుంది. బాధ్యత అంతా ఒక తాగుబోతు అలవాటున్న మనిషి మీద. ఆ నవల రాసేటప్పుడు తన తాగుడు గురించే రాస్తున్నానని తనకే తెలియలేదని కింగ్ తర్వాత తన రచనా జీవితం గురించిన 'ఆన్ రైటింగ్'లో రాసుకున్నాడు. నాకు అది చదివాక బాయిలరు ముల్లు వేరేలా కనపడుతోంది.

అర్ధరాత్రి రైలు:
ఆలస్యంగా వచ్చాను. పైన క్లాడియా పేరు ఒక్కసారి వచ్చి వెళ్ళిపోయింది, అలా వదిలెయ్యకూడదు.

ఆన్ రైస్ 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్' 1976లో వచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1972లో, ఆవిడ కూతురు మిషెల్ ల్యుకీమియాతో చనిపోయింది, అప్పటికి పాపకి ఆరేళ్ళు నిండలేదు. నవలలో క్లాడియా అయిదేళ్ళ పాప, చావబోతుంటే రక్తపిశాచిగా మారుస్తారు. ఇక చావు లేదు. ఆ తల్లి కోరుకున్నది అదే అయ్యుంటుంది కదా, నా బిడ్డ చావకుండా ఉంటే చాలు అని. అక్కణ్ణుంచి రైస్ ఆ కోరికను చివరిదాకా తీసుకెళ్తుంది: బిడ్డ చావదు, పెరగదు కూడా. లోపల మనసు అరవై ఏళ్ళ స్త్రీది, చేతులు మాత్రం అవే బుడ్డ చేతులు, తలుపు గడియ అందదు.

ప్యారిస్‌లో బొమ్మలు చేసే ఒకావిడ ఉంటుంది, మేడ్‌లిన్, చనిపోయిన తన కూతురి ముఖంతోనే బొమ్మ తర్వాత బొమ్మ చేస్తుంటుంది. క్లాడియా ఆవిణ్ణి ఒక పెద్దమనిషి బొమ్మ చేసిపెట్టమంటుంది, ఎదిగిన స్త్రీ బొమ్మ. అది తెచ్చి, తనను తండ్రిలా చూసుకునే రక్తపిశాచి లూయీకి చూపిస్తూ ఆ చిన్న గుప్పిట్లోనే నలిపి ముక్కలు చేస్తుంది. తాను ఎప్పటికీ కాలేని ఆకారం అది. బిడ్డ పోయిన తల్లి, ఎదగలేని బిడ్డ, మధ్యలో బొమ్మలు. ఈ సీను దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. భయం అనాలో ఏడుపు అనాలో తెలియదు, రెండూ ఒకే చోట ఉన్నాయి.

అందుకే చివరిబెంచి బ్రో చెప్పిన పిల్లల లెక్క నాకు నచ్చింది, కానీ రీగన్నీ క్లాడియానీ ఒకే గాటన కట్టలేం. రీగన్ వెనక్కి వస్తుంది.

బాలభాను:
నేను హారర్‌కి కొత్త. ఇవన్నీ చదువుతుంటే ఆశగా ఉంది, జంకుగానూ ఉంది. పిల్లల్ని హింసించే సీన్లు నేను తట్టుకోలేను. దేనితో మొదలుపెట్టాలో చెప్తారా? సినిమాలు చూసేస్తే సరిపోదా అని కూడా అడగాలని ఉంది, కోప్పడకండి.

చివరిబెంచి:
కోపమెందుకు బాలభాను గారూ. అలా అయితే 'ఎక్సార్సిస్ట్' ఇప్పుడే వద్దు. 'పెట్ సెమటరీ' 1983ది, ఈ లిస్టులోకి రాదు, దానికి కూడా దూరంగా ఉండండి. 'హౌస్ నెక్స్ట్ డోర్' పర్లేదు, అందులోనూ బాధ ఉంటుంది కానీ మెల్లగా నడుస్తుంది.

'క్యారీ' చిన్న పుస్తకం, రెండు రోజుల పని. బడిలో అందరూ ఏడిపించే, మనసుతోనే వస్తువుల్ని కదిలించగల అమ్మాయి కథ. దాని గొప్పతనం సినిమాలో దొరకదు. కథ మధ్యమధ్యలో వార్తలు, విచారణ కమిటీ సాక్ష్యాలు, ఆ సంఘటన మీద తర్వాత రాసిన పుస్తకాల ముక్కలు అతికించి ఉంటాయి. ఆ ఊరు కాలిపోతుందని, చాలామంది చనిపోతారని మనకు చాలా ముందే తెలిసిపోతుంది. అది తెలిశాక క్యారీ బడి డాన్సుకి తన గౌను తనే కుట్టుకుని, మొదటిసారి ఎవరో అందంగా ఉన్నావంటే నమ్మాలా వద్దా అని తడబడుతుంటే చదవడం ఎంత కష్టమో! ఇక్కడే ఆపెయ్యండి, ఈ అమ్మాయిని ఇంటికి పంపెయ్యండి అనిపిస్తుంది.

చిట్టడవి:
సినిమా సంగతి నేను చెప్తా. 'షైనింగ్' సినిమా (1980) స్టాన్లీ కుబ్రిక్ తీశాడు, గొప్పదే, కింగ్‌కి మాత్రం నచ్చలేదు. ఎందుకో నవల చదివితే తెలుస్తుంది. నవలలో జాక్ మంచివాడుగా ఉండాలని ప్రతి పేజీలో కొట్టుకుంటాడు, సినిమాలో మొదటి సీన్ నుంచే ఆ ముఖం చూస్తే అనుమానం వస్తుంది. చేతిలో గొడ్డలి కూడా సినిమాదే, నవలలో అది ఆటకి వాడే కర్ర సుత్తి. తోటలో జంతువుల ఆకారంలో కత్తిరించిన పొదలు మనం చూడనప్పుడు కదులుతాయి, సినిమాలో వాటి బదులు మొక్కల చిట్టడవి పెట్టారు. (నా పేరు అక్కడిదే.) 217 కూడా 237 అయింది. కొలరాడోలో ఎస్టెస్ పార్క్ దగ్గర స్టాన్లీ హోటల్లో 1974లో, శీతాకాలానికి మూసేసే ముందు రాత్రి, కింగ్ దంపతులు దాదాపు ఒంటరిగా ఉన్న గది నంబర్ 217. పొడుగాటి ఖాళీ వరండాలు చూసి వచ్చిన కథ.

రెండూ కావాలి, కానీ ముందు పుస్తకం.

వంకరగీత:
అందరూ అమెరికాలోనే తిరుగుతున్నారు, ఇంగ్లండ్‌ని మర్చిపోతే ఎలా. జేమ్స్ హెర్బర్ట్ 'ది రాట్స్' 1974లో వచ్చింది, లండన్‌లో మనుషుల్ని తినే పెద్ద ఎలుకలు. అతీంద్రియం కాదు కాబట్టి పక్కన పెడతా. హెర్బర్ట్ లండన్‌లో ఈస్ట్ ఎండ్ అనే పేదల పేటలో పుట్టి పెరిగినవాడు, అక్కడి యుద్ధ శిథిలాల మురికి వాడి వాక్యాల్లో ఉంటుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

నేను చెప్పాలనుకున్నది రాబర్ట్ ఐక్‌మన్ గురించి. తన కథల్ని దెయ్యం కథలు అనేవాడు కాదు, వింత కథలు అనేవాడు. 1975లో 'కోల్డ్ హ్యాండ్ ఇన్ మైన్' వచ్చింది. అందులో ఒక కథకి ఆ ఏడాదే మొదలైన వరల్డ్ ఫాంటసీ అవార్డు వచ్చింది. నాకు మాత్రం అందులో 'ది హాస్పిస్' ప్రాణం. దారి తప్పి, కారులో పెట్రోలు అయిపోవస్తూ ఒకతను ఓ బసకి చేరతాడు. లోపల బాగా వేడిగా ఉంటుంది, భోజనం కుప్పలుగా వడ్డిస్తారు, తినకపోతే బతిమాలతారు. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. అలా తింటూ తింటూ అతను కిందకి చూస్తే, అక్కడ కూర్చున్న ఒకాయన చీలమండకి గొలుసు, అది కమ్మీకి కట్టేసి ఉంది. ఎవరూ దాని గురించి ఏమీ అనరు. అతనూ అడగడు. ఎందుకో చివరికి కూడా తెలియదు. బాలభాను గారికి ఇది సరిపోతుంది, పిల్లలకి ఏమీ కాదు, రక్తపాతం లేదు.

పాతపేజీలు గారూ, ఇది ఇల్లు కాదు, పిల్లలు కాదు, డబ్బూ కాదు. మర్యాద. అందరూ మామూలుగా ఉన్నారు కాబట్టి నేనూ మామూలుగా ఉండాలి అనుకోవడం. నిశి గారు సిడన్స్ నవల గురించి చెప్పిన జంకు ఇదేనని నాకు అనిపిస్తోంది.

నిశి:
అవును! కరెక్ట్‌గా అదే. నేను ఈ రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

'ఘోస్ట్ స్టోరీ' గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. మంచు కురిసే మిల్‌బర్న్ అనే చిన్న ఊళ్ళో నలుగురు ముసలి స్నేహితులు సూట్లు వేసుకుని కూర్చుని ఒకరికొకరు దెయ్యం కథలు చెప్పుకుంటారు. అయిదో స్నేహితుడు పోయి ఏడాది. నువ్వు చేసిన అన్నిటికంటే చెడ్డ పని ఏమిటి అని ఒకరు అడిగితే, అది చెప్పను గానీ నాకు జరిగిన ఘోరం చెప్తాను అంటాడు రెండోవాడు. ఆ ఆటలోనే మొత్తం నవల దాగి ఉంది. కుర్రతనంలో చేసి దాచిపెట్టిన పని ముసలితనంలో ఇంటికి వస్తుంది. అప్పు తీర్చడమే అనుకోండి, చిట్టడవి గారి మాటలో.

మొదటి ముప్పై పేజీలకే వదిలెయ్యకండి. ఒక మగాడు ఎవరో చిన్నపిల్లని ఎత్తుకుని కారులో పోతుంటాడు, మనకి వాడి మీద అసహ్యం పుడుతుంది, పిల్ల ఏమో అస్సలు భయపడదు. వాడు ఆమెను అడుగుతాడు, నువ్వు ఏమిటి అని. ఎవరు అని కాదు, ఏమిటి అని. ఈ ముక్క అయిదు వందల పేజీల తర్వాత తిరిగి వస్తుంది.

బాలభాను:
అందరికీ థాంక్స్. 'ది హాస్పిస్' చదివాను, 'హౌస్ నెక్స్ట్ డోర్'లో రెండో కుటుంబం దాకా వచ్చాను. గొలుసు దగ్గర నేను కూడా ఏమీ జరగనట్టే పేజీ తిప్పేసి, నాలుగు లైన్లు చదివి మళ్ళీ వెనక్కి వచ్చాను. వంకరగీత గారు మర్యాద అన్నది అప్పుడు అర్థమైంది.

చివరిబెంచి:
బాలభాను గారూ, భలే పట్టారు. మీకు ధైర్యం వచ్చాక 'ఎక్సార్సిస్ట్'లో ఒక్క చిన్న చోటు గుర్తుపెట్టుకోండి. రీగన్‌కి భూతవైద్యం చేసే పాదరీల్లో ఒకరైన ఫాదర్ కారస్‌ని సబ్‌వేలో ఒక తాగుబోతు బిచ్చమడుగుతాడు, నేనూ చిన్నప్పుడు చర్చిలో సేవ చేశాను ఫాదర్, సాయం చెయ్యండి అని. కారస్‌కి అసహ్యం వేస్తుంది, ఆ అసహ్యానికి సిగ్గూ వేస్తుంది. చాలా పేజీల తర్వాత మంచానికి కట్టేసిన ఆ పాప నోట్లోంచి అదే గొంతు, అదే మాట. న్యూయార్క్‌లో ఒంటరిగా చనిపోయిన వాళ్ళమ్మ కూడా అలాగే వస్తుంది. బ్లాటీ అంతకుముందు కామెడీ సినిమాలు రాసిన మనిషి, ఎక్కడ ఏ మాట ముందు నాటి ఎక్కడ తియ్యాలో బాగా తెలుసు.

పాతపేజీలు:
ఇల్లు అని మొదలుపెట్టాను, మీరంతా కలిసి అందులో ఎవరెవరు ఉన్నారో చూపించారు. పిల్లలు, బాకీలు, పోయిన బిడ్డ, నోరు విప్పని పక్కింటివాళ్ళు. కందిరీగల పేజీ మళ్ళీ చదివాను. ఈసారి జాక్ మీద జాలి వేసింది, మొదటిసారి వెయ్యలేదు. వాడు తుట్టెని ఊపి, లోపల ఏమీ లేవని చూసుకునే ఇచ్చాడు.

రాత్రి 'బర్న్ట్ ఆఫరింగ్స్' మొదలుపెట్టాను. మేరియన్ అప్పుడే వెండి సామాన్లు తుడుస్తోంది, మొగుడు పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా పలికింది. చిట్టడవి గారూ, ఆ ముసలావిడ గది బయట పెట్టే ట్రే సంగతి మాత్రం ఇక్కడ రాయకండి.